లెడ్ ప్లగ్గు మొదలు హెచ్చరిక దీపము వరకు

గుంటూరు నుండి గుంతకల్లునకు పోవు రైలు మార్గమున, వినుకొండ, కురిచేడు దాటిన పిమ్మట, మార్కాపురము రోడ్డు ఇంకను రాకమునుపే దొనకొండ స్టేషను తగులును. పందొమ్మిదవ శతాబ్ది చివర సదరన్ మరాఠా రైల్వే వారి కాలమున ఇది మీటరు గేజి మార్గముగా వెలసినది. 1908లో ఆ సంస్థ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యెను. 1951లో అదియు దక్షిణ రైల్వేలో లీనమయ్యెను. ఆ దినములలో దొనకొండలో ఆవిరి ఇంజనులకు లోకో షెడ్డు ఉండెడిది. దాని చుట్టును రైల్వే క్వార్టర్లు, ఆంగ్లో-ఇండియను కుటుంబములు, ఉద్యోగుల సందడి ఉండెడివి. ఆవిరి పోయినది, 1990ల దశకమున మీటరు గేజియు బ్రాడు గేజిగా మారినది, షెడ్డు ప్రాభవము గతకాలపు మాటయైనది.

అంతరించిన షెడ్డును మేమిప్పుడు తలచుట వేడుకకు కాదు. నేడు పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, దాని ముందు పలకలో వెలిగిన దీపమును చూచి కలవరపడువానికి కలుగు ప్రశ్నయే ఆనాటి ఇంజను డ్రైవరుకును కలిగెడిది. యంత్రము ఏమో చెప్పుచున్నది. అది చెప్పుచున్నదేమి? దానిని మన మెంతవరకు నమ్మవచ్చును?

ఆవిరి ఇంజనుకు ప్రాణము బాయిలరులోని నీరు. పొయ్యిగది పైకప్పు మీద నీరు ఎల్లప్పుడు నిలిచియుండవలెను. నీరు దిగిపోయెనా, ఆ లోహపు రేకు మంటకు మెత్తబడి, ఆవిరి ఒత్తిడికి లొంగి, బాయిలరు పేలిపోవును. 1803లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో రిచర్డు ట్రెవితిక్ నిర్మించిన బాయిలరు ఒకటి పేలి ప్రాణనష్టము కలిగెను. ఆ పిమ్మట ఆయన యోచించి కనుగొన్న ఉపాయమే లెడ్ ప్లగ్గు. పొయ్యిగది కప్పులో మధ్య సీసము పోసిన చిన్న బిరడాను బిగింతురు. పైన నీరున్నంతవరకు ఆ నీరు వేడిని లాగుకొనును, సీసము చెక్కుచెదరదు. నీరు తగ్గినచో 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సీసము కరగిపోవును. ఆ రంధ్రము గుండ ఆవిరి బుసకొట్టుచు పొయ్యిలోనికి దూకును. మంటను పూర్తిగ ఆర్పుట దాని ముఖ్యమైన పని కాదు. కేకవేయుటయే దాని పని.

అయితే కరగిన ప్లగ్గు ఒక్క మాటయే చెప్పును: "ఇచ్చట నీరు లేదు" అని. నీరేల లేదో అది చెప్పదు. నీరు పంపు ఇంజక్టరు చెడెనా? ఫైర్‌మాన్ ఏమరెనా? నీటిమట్టమును చూపు గాజు గొట్టమే అబద్ధమాడెనా? ఇది తేల్చవలసినది మనుష్యుడు. గాజు గొట్టము అబద్ధమాడుట వట్టి ఊహ కాదు. కఠినమైన నీటిలోని ఉప్పులు పేరుకొని గొట్టపు దారులు మూసుకొన్నచో, బాయిలరులో నీరు దిగినను గాజులో మట్టము నిలిచియే కనబడును. కావుననే కుళాయి త్రిప్పి ఆ గొట్టమును ఊది, నీరు మరల పైకి లేచుచున్నదో లేదో పరీక్షించుట ఇంజను సిబ్బందికి నియమమైనది. యంత్రమును పరీక్షించుటకు ముందు సాక్షిని పరీక్షింపవలెనన్నది ఆ వృత్తిలోని మొదటి పాఠము.

మోటారు కార్లును ఈ దారినే నడచినవి. తొలుత చమురు ఒత్తిడికి, విద్యుత్తునకు ముల్లుగల మీటర్లుండెడివి. 1930ల దశకమున అమెరికాలో హడ్సన్ సంస్థ ముల్లునకు బదులు దీపము పెట్టెను. ముల్లు క్రమముగా వాలుట చూచి అపాయమును ముందే పసిగట్టగల డ్రైవర్లకు ఇది రుచింపలేదు. వారు దీనికి "మూర్ఖుల దీపము" అని ఎగతాళిపేరు పెట్టిరి. నిజమే, దీపము వెలుగునప్పటికి కీడు అప్పుడే మొదలైయుండును.

1967లో వోక్స్‌వాగన్ కార్లలో బాష్ వారి ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతి ప్రవేశించిన పిమ్మట కారులోనికి మెదడు వచ్చినది. 1980ల దశకపు ఆరంభమున జనరల్ మోటార్సు వారి కార్లలో రెండు తీగకొనలను కలిపినచో ఇంజను దీపము మినుకుమినుకుమని అంకెలు చెప్పెడిది. 1989లో వెలువడిన మాజ్డా ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోను ఇదే ఏర్పాటు. బానెట్టు క్రింది చిన్న పెట్టెలో "టెన్", "గ్రౌండ్" అను గుర్తులున్న రెండు కొనలను తీగతో కలిపినచో దీపము వెలిగి ఆరును. దీర్ఘమైన మెరుపు పది, హ్రస్వమైన మెరుపు ఒకటి. ఒక దీర్ఘము, అయిదు హ్రస్వములు కలిసి 15. అనగా పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు సంగతి. టెలిగ్రాఫు కట్కట ధ్వనికి అలవాటుపడిన పూర్వపు స్టేషను మాస్టరు దీనిని చూచియుండినచో ఆశ్చర్యపడకపోవును.

1988 నుండి కాలిఫోర్నియా రాష్ట్రము ఇట్టి స్వీయపరీక్షను కార్లకు విధించెను. 1996 నాటికి అమెరికాలో కార్లన్నిటికి ఒకే తీరు పదహారు సూదుల సాకెట్టు, ఒకే తీరు సంకేతములు ఏర్పడెను. వీనిలో "పి" అక్షరము ఇంజనును, గేర్లను తెలుపును. "సి" బ్రేకులు మొదలగు వానిని, "బి" బాడీని, "యు" లోపలి సమాచార తీగలను తెలుపును. భారతదేశమున ఈ పద్ధతి 2010, 2013 సంవత్సరములలో రెండు అంచెలుగా అమలునకు వచ్చెను.

ఇక పాత స్పోర్ట్స్ కారులో "పి 0171" వచ్చినదనుకొందము. దాని అర్థము, ఇంజనులో గాలి పాలు హెచ్చి పెట్రోలు పాలు తగ్గినదని. వెంటనే ఆక్సిజన్ సెన్సారును మార్చువారు పెక్కుమంది. కాని సెన్సారు వార్త తెచ్చినవాడే కాని నేరస్థుడు కానక్కరలేదు. ముప్పది యేండ్ల రబ్బరు గొట్టము పగిలి దొంగగాలి చొరవచ్చును. పెట్రోలు పంపు నీరసింపవచ్చును. గాలిని కొలుచు సాధనమునకు మురికి పట్టవచ్చును. ఒకేమారు సంబంధములేని సంకేతములు అరడజను వచ్చినచో అరడజను రోగములని బెదరరాదు. బ్యాటరీని, ఎర్తు తీగను, తుప్పుపట్టిన కనెక్టర్లను ముందు చూడవలెను. తాళము త్రిప్పగనే దీపములన్నియు ఒకమారు వెలుగుచున్నవో లేదో అన్నిటికంటె ముందు చూడవలెను. గాజు గొట్టమును ఊది చూచుట యనునది ఇదియే.

రంగులకును అర్థము కలదు. పసుపు దీపము త్వరలో చూపించుకొమ్మనును. ఇంజను దీపము ఆగి ఆగి మెరయుచున్నచో, కాలని పెట్రోలు పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరును కాల్చుచున్నదని, వేగము తగ్గింపవలెను. చమురు ఒత్తిడిని తెలుపు ఎఱ్ఱదీపము వెలిగినచో ఒక్క మైలైనను పోరాదు. గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల ఘాటు ఎక్కువేళ ఇంజను వేడిదీపము ఎఱ్ఱబడినచో, "ఊరు చేరిన పిదప చూతము" అనుకొనరాదు. ప్రక్కకు ఆపి, ఇంజను ఆర్పి, చల్లారువరకు రేడియేటరు మూత ముట్టక వేచియుండవలెను.

ఇన్ని తెలిసియు మనుష్యుడు చేయు తప్పు ఒకటి కలదు. అది హెచ్చరిక నోరు మూయుట. 1831 జూన్ 17వ తేదీన అమెరికాలో "బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్" అను రైలు ఇంజను పేలెను. సేఫ్టీ వాల్వు నుండి వచ్చు ఆవిరి రొద భరింపలేక ఫైర్‌మాన్ దానిని మూసివేయుటయే కారణము. అతడే ప్రాణము కోల్పోయెను. నేడు కారు అమ్మబోవు ముందు దీపపు బల్బు తీసివేయుట, సంకేతమును చెరిపివేయుట ఆ ఫైర్‌మాన్ పనికి తమ్ముని వంటివి. ఇచ్చట పేలునది బాయిలరు కాదు. కాని బ్రేకు దీపమును దాచిన కారు కొన్నవాని కుటుంబమునకు అపాయము తక్కువ కాదు. కొనువాడు ఒకటి గమనింపవచ్చును. 1996 తరువాతి పద్ధతి గల కార్లలో సంకేతమును చెరిపినచో స్వీయపరీక్షలును మొదటికి వచ్చును. స్కానరు పెట్టి చూచినచో అవి "అసంపూర్ణము" అని కనబడును. చెరిపిన పలకయు తాను చెరుపబడితినని చెప్పకనే చెప్పును.

లెడ్ ప్లగ్గు మొదలు నేటి దీపము వరకు ఇన్నూరేండ్లకు పైబడిన చరిత్రలో సాధనములు ఎంతో మారినవి, న్యాయము మారలేదు. హెచ్చరిక సాక్షి, తీర్పు చెప్పవలసినవారము మనము. సాక్షిని పరీక్షింపక నమ్మరాదు. సాక్షి నోరు నొక్కనేరాదు. ఆవిరి వెళ్లిపోయిన దొనకొండ దారిన కారులో పోవువారు, ముందు పలకలో దీపము వెలిగిననాడు, ఈ రెండు మాటలు గుర్తుంచుకొన్నచో చాలును.