ఒక్క పదం మీద ఎంత నిర్ధారణ? – కీసరగుట్ట శాసనం, పరిశోధనలో నిగమనం

తెలుగు శాఖలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో చివరి అధ్యాయానికి ‘ఉపసంహారం’ అనో ‘ముగింపు’ అనో పేరు పెడతారు. అందులో ఎక్కువగా కనిపించేది అధ్యాయాల సారాంశమే. ఏది తేలింది, ఏది తేలలేదు అన్న విచారణ అరుదు. న్యాయశాస్త్రం పంచావయవ వాక్యంలో చివరిదాన్ని నిగమనం అంది. ప్రతిజ్ఞలోని మాటే నిగమనంలోనూ వస్తుంది. కాని హేతువు, ఉదాహరణ, ఉపనయం దాటి వచ్చాక అది ప్రతిపాదనగా కాక నిర్ణయంగా నిలుస్తుంది. ఆ నిర్ణయం హేతువు పరిధిని దాటితే నిలవదు.

జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఔషధ పరిశ్రమలకు ఈ కట్టుబాటు కొత్తది కాదు. ‘ఈ ఫలితాలు పరీక్షించిన నమూనాకే వర్తిస్తాయి’ అని నివేదికలో రాయడం ప్రయోగశాలల సంప్రదాయం. మన భాషాచరిత్ర వ్యాసాల్లో అటువంటి వాక్యం వెతికినా దొరకదు. దాని అవసరం ఎంతటిదో చెప్పే నమూనా జీడిమెట్లకు తూర్పున, అదే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది.

కీసరగుట్ట మీద ఒక బండపై ‘తొలచువాన్డ్రు’ అన్న పదం చెక్కి ఉంది. రాళ్లు తొలిచేవారు అని అర్థం. లిపిని బట్టి దాన్ని విష్ణుకుండినుల కాలానిదిగా, సుమారు 5వ శతాబ్దిదిగా నిర్ణయించారు. శాసనం మొత్తం ఈ ఒక్క పదమే. అయినా అది చిన్న ఆధారం కాదు. తొలుచు అన్న క్రియ, దానికి చేరిన ‘వాన్డ్రు’ అన్న మహద్బహువచన రూపం రెండూ తెలుగువే. ఊరి పేరో మనిషి పేరో అయితే భాష మారినా మిగలవచ్చు. ఇక్కడ కనిపిస్తున్నది పదనిర్మాణం, అంటే వ్యాకరణం.

ఈ పదం ఆధారంగా తెలంగాణలో ఆనాటికే తెలుగు సాహిత్యం ఉందని రాసినవారున్నారు. ఆ మాట హేతువును దాటిపోయింది. విష్ణుకుండినుల తుమ్మలగూడెం తామ్రశాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. హైదరాబాదు చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఉన్న శాసనం ప్రాకృతం. రాజు, విహారం ఆ భాషలను వాడుతున్నప్పుడు రాతిపనివాళ్లను తెలుగు మాటతో పేర్కొన్నారన్నదే ఇక్కడి విశేషం. సాహిత్యం ఉందన్న అతిశయోక్తి ఈ విశేషాన్నే మరుగుపరుస్తుంది. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం శిథిలమైనా ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పాలనను ప్రస్తావించే తెలుగు వాక్యాన్ని అందించింది. వాక్యం నుంచి రాబట్టగలిగిన నిర్ధారణ పదం నుంచి రాదు.

అమరావతి శాసన శకలంలోని ‘నాగబు’ను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు పదంగా గుర్తించారు. రాయి విరిగింది కనుక అది ఏదో పేరులో మొదటి భాగం కావచ్చునన్న అభ్యంతరం తరువాత వచ్చింది. అయినా పాఠ్యపుస్తకాల్లో ‘తొలి తెలుగు పదం’ అన్న నిర్ధారణే నిలిచిపోయింది. ప్రాచీన హోదాకు 1500 నుంచి 2000 ఏళ్ల ప్రాచీనత ప్రమాణమైనప్పుడు, ఆ హోదా 2008లో వచ్చేవరకు ఇటువంటి పదాలపై మోయలేనంత బరువు పడింది. భాషాభిమానం తప్పు కాదు; కాని అది హేతువు కాదు.

దీనికి భిన్నమైనది మానవల్లి రామకృష్ణకవి ఉదాహరణ. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో ప్రకటిస్తూ ఆయన కవిని నన్నయకు పూర్వుణ్ణి చేశారు. తరువాతి పండితుల్లో అధికులు 12వ శతాబ్దిని అంగీకరించారు. సిద్ధాంతం పడిపోయింది, కావ్యం నిలిచింది. అయినా అది బలహీనమైన నిగమనమని నేననను. తన హేతువులను ఆయన బయటపెట్టారు కాబట్టే ఇతరులు వాటిని పరీక్షించి కాదనగలిగారు. నేటి ఉపసంహారాల్లో చాలావాటిని ఖండించడానికి పట్టు దొరకదు.

కీసరగుట్ట శాసనానికి నిగమనం రాయవలసివస్తే ఇలా రాస్తాను: లిపి ఆధారంగా చేసిన కాలనిర్ణయం సరైనదైతే, సుమారు 5వ శతాబ్దిలో ఈ ప్రాంతంలో వృత్తిని తెలిపే తెలుగు పదం రాతకెక్కింది, రాజభాష గురించి గాని, సాహిత్యం గురించి గాని ఈ శాసనం ఏమీ చెప్పదు, ఇదే లిపిలో కాలం స్పష్టంగా ఉన్న మరో శాసనం దొరికితే పై తేదీని మళ్లీ పరిశీలించాలి.