పక్షవాతానికి తొందరెందుకు?

మనవైపు పక్షవాతం అనేకంటే "కాలూ చెయ్యీ పడిపోయాయి" అనేదే ఎక్కువ. ఆ తర్వాత జరిగేది మీకూ తెలిసిందే. పడుకోబెట్టి నూనె మర్దన చేస్తారు. ఒకరు పావురం రక్తం రాయమంటారు, ఇంకొకరు పసరు మందిచ్చే ఊరి పేరు చెప్తారు. ఆసుపత్రి సంగతి పొద్దున చూద్దాంలే అనుకుంటారు.

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ చరిత్ర చూస్తే ఆ నిదానానికి ఒక కారణం కనబడుతుంది. 1995 దాకా పరిగెత్తి పెద్దాసుపత్రికి పోయినా, మెదడులో అడ్డుపడ్డ గడ్డను కరిగిస్తుందని రుజువైన మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. మంచం, బీపీ మాత్రలు, తర్వాత వ్యాయామం, అంతే. తొందరపడి లాభం లేని జబ్బుకి తొందరెవరు పడతారు?

కథ మారింది రెండు మెట్లలో. పక్షవాతం గడ్డ వల్ల రావచ్చు, రక్తనాళం చిట్లీ రావచ్చు. పైకి చూసి చెప్పలేం. చిట్లిన వాళ్ళకి గడ్డ కరిగించే మందిస్తే ప్రాణానికే ముప్పు. 1971లో లండన్లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కానర్‌తో మొదటి రోగి తలని చూశాక ఆ తేడా తెలుసుకునే దారి దొరికింది. 1995లో అమెరికా వాళ్ళ పరీక్షలో టీపీఏ అనే మందు 3 గంటల లోపల ఇస్తే పనిచేస్తుందని తేలింది. 1996లో అక్కడ అనుమతి వచ్చింది. 2008లో ఇంకో పరీక్ష ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్క కట్టారు.

ఇప్పుడు చండ్రుగొండ లెక్క వేద్దాం. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీటీ ఉండదు. పెద్దాసుపత్రంటే కొత్తగూడెమో, ఖమ్మమో. కనకగిరి గుట్టల కింది గూడేల వాళ్ళకి రోడ్డెక్కడానికే ఇంకాస్త పడుతుంది. అయినా రోడ్డు మీద పోయే టైము నాలుగున్నర గంటల్లో ఇమిడిపోతుంది. ఇమడనిది మధ్యలో ఆగే ఆగుళ్ళు: ఇల్లు, ఆర్‌ఎంపీ డాక్టరు, మండలం, అక్కణ్ణించి రాసిచ్చిన ఇంకో ఆసుపత్రి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లైను స్పీడు బాగానే ఉంది, క్యూలే చంపేస్తున్నాయి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 తర్వాత జిల్లాలకీ వచ్చింది, ఎందరినో బతికించింది. కానీ దాని గడియారం మనం ఫోన్ చేశాక మొదలవుతుంది. మెదడు గడియారం మనిషి చివరిసారి బాగున్న క్షణం నుంచే నడుస్తుంది. నిద్రలో వస్తే రాత్రి పడుకున్న టైము నుంచే లెక్క.

మందు వచ్చి ముప్పై ఏళ్ళయింది. తొందరపడాలన్న కబురు మాత్రం ఇంకా గూడెం చేరలేదు. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా ముందు టైము చూసి గుర్తుపెట్టుకోండి. నోట్లో ఏమీ పొయ్యకండి. 108 వాళ్ళకి పక్షవాతం అనే చెప్పి, సీటీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమనండి. నూనె మర్దన పొద్దునైనా చెయ్యొచ్చు, గడ్డ కరిగించే మందుకి మాత్రం పొద్దున అనేది లేదు.