అవిసె నార రెక్కలు

అది తిరిగి రాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918 అక్టోబరు 5న ఫ్రాన్సులోని బెట్టాంకూర్ మైదానం నుంచి లేచిన ఎఫ్ 1010 విమానం ఆ రోజే శత్రువు చేతికి చిక్కుతుంది. మనకు తెలుసు. అందులో ఎక్కి కూర్చున్న కెప్టెన్ ఇంగ్లిస్‌కూ, సెకండ్ లెఫ్టినెంట్ బోడ్లీకీ తెలియదు.

డి హావిలాండ్ 9ఏ దాని జాతి. పగటిపూట బాంబులు మోసుకెళ్లే రకం. ముక్కున 400 గుర్రాల బలమున్న లిబర్టీ ఇంజను, ఒంటి మీద హైదరాబాదు నిజాం కానుక అన్న రాత. బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ తొలి విమానాలన్నీ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చినవే. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరొచ్చింది. నిజాం సొమ్మంటే ఎవరి సొమ్ము? చెలకల్లో చెమటోడ్చి శిస్తు కట్టిన రైతుది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అక్టోబరు వచ్చేసరికి ఇన్‌ఫ్లుయెంజా ఇంటింటా మనుషుల్ని ఎత్తుకుపోతోంది. అక్కడ వాళ్లు రాలిపోతున్న రోజుల్లోనే ఇక్కడ యుద్ధంలో వాళ్ల కష్టం రాలిపోయింది.

అద్దంకి పత్తిచేల మధ్య పెరిగినవాణ్ణి, నా చూపు ముందు గుడ్డ మీదికే పోతుంది. ఆ రెక్కలు కర్ర చట్రాలు. వాటి మీద అవిసె నార గుడ్డ పరిచి, కుట్టి, పైన లేపనం పూసేవారు. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని డప్పు తోలులా బిర్రుగా నిలిచేది. తూటాకూ మనిషికీ మధ్య ఉన్న అడ్డు అంతే.

మళ్లిపోయే దారులు లేకపోలేదు, అదే బాధ. 3, 4 తేదీల నడిమి రాత్రే జర్మనీ కాల్పులు ఆపుదామంటూ అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు కబురంపింది. ఆ కబురు మైదానం దాకా రాలేదు. జర్మనీలోని కొలోన్ మీదికని బయల్దేరిన దండుకు మబ్బులు అడ్డం పడ్డాయి. అప్పుడైనా ఇంటిముఖం పట్టి ఉంటే! కైజర్స్‌లౌటర్న్, పిర్మాసెన్స్ పట్టణాల వైపు తిరిగారు. తోడుగా ఫైటర్లు లేవు. ఒకదాన్నొకటి కాచుకుంటూ ఎగరడమే వాళ్లకున్న రక్షణ.

ఎఫ్ 1010 శత్రువు చేతికి చిక్కింది. ఇంగ్లిస్, బోడ్లీ ఇద్దరూ ప్రాణాలతో బందీలయ్యారు. ఇంకో 37 రోజులకు యుద్ధం ముగిసింది. తాను పోరాడిన కొద్దికాలంలోనే హైదరాబాద్ స్క్వాడ్రన్ 17 విమానాల్ని శత్రువు దాడుల్లో పోగొట్టుకుంది.

ఎఫ్ 1010ని బెర్లిన్ మ్యూజియంలో విజయచిహ్నంగా నిలబెట్టారు. రెండో యుద్ధంలో బాంబులకు భయపడి తూర్పుకు తరలించారు. అలా పోలండులో, చివరికి క్రాకోలో తేలింది. అప్పటికి రెక్కలు లేవు, మొండెమే మిగిలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి బ్రిటన్ దాన్ని తిరిగి తెచ్చుకుంది. కొత్త రెక్కలు కట్టి, లండన్ దగ్గర హెండన్ మ్యూజియంలో పెట్టారు.

మా అద్దంకి పక్కన, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే రన్‌వేగా వేశారు. 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు నేలను తాకకుండా దాని మీదుగా బాగా కిందికి ఎగిరి చూసి వెళ్లాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు హెండన్ గుర్తొస్తుంది. అక్కడున్న రెక్కలు ఎన్నడూ ఆకాశం ఎరగనివి. ఆకాశం ఎరిగిన గుడ్డ ఏ దేశపు మట్టిలో కలిసిందో, దానికి పెట్టుబడి పెట్టిన చేతుల్ని ఏ ఊరి చెరువుగట్టున కాల్చారో.