పాత కట్టడాలు – పట్టణ ప్రణాళిక: హైదరాబాద్ నేర్పిన పాఠం

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని మన సంఘం కార్యవర్గం అడిగింది. ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని కనుక కాకతీయుల గురించో, కుతుబ్‌షాహీల గురించో రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. నేను మాత్రం రాజులు పోయాక వారి కాలపు కట్టడాలకు ఏం జరిగింది, వాటిలో కొన్ని ఎలా నిలిచాయి అన్నది రాయదలిచాను. కారణం లేకపోలేదు. మన పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. మనమంతా ప్రార్థనకు నిలబడ్డ డంగు సున్నం గోడల పాత హాలు కూడా ఆ ప్లాన్ పరిధిలోనే ఉంది.

హైదరాబాద్ చరిత్రలో 1908 సెప్టెంబరు 28 మరచిపోలేని రోజు. ఆనాటి మూసీ వరదలో వేలమంది చనిపోయారు. ఆ తరువాత నగరాన్ని మళ్లీ ఎలా కట్టుకోవాలో సలహా ఇవ్వడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. కిక్కిరిసిన బస్తీలను ఖాళీ చేయించడం, రోడ్లు వెడల్పు చేయడం, కొత్త ఇళ్లు కట్టించడం దాని పని. చార్మినార్‌కు వెళ్లే దారిలో పత్తర్‌గట్టి రాతి కమానుల బజారు ఈ బోర్డు కట్టించినదే.

మరో రెండేళ్లకు, 1914లో, నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను స్థాపించింది. దాని తొలి అధిపతి గులాం యజ్దానీ. అప్పట్లో అజంతా, ఎల్లోరా గుహలు కూడా హైదరాబాద్ సంస్థానంలోనే ఉండేవి. వాటి సంరక్షణలో ఆ శాఖ చేసిన కృషి చిన్నది కాదు.

ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. నగరానికి రేపు ఎలా ఉండాలో నిర్ణయించే కార్యాలయం ఒకటి, నిన్నటిని కాపాడే కార్యాలయం ఇంకొకటి. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో పుట్టినా, ఒకదాని పని ఒకదానికి పట్టలేదు. రోడ్డు వెడల్పు గీత గీసేవారి బల్ల మీద పాత కట్టడాల జాబితా లేదు. జాబితా ఉన్నవారికి ఆ గీత మీద అధికారం లేదు. దేశంలో చాలా పట్టణాల పరిస్థితి ఈ రోజుకీ ఇదే.

పురావస్తు చట్టాలు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. చార్మినార్, గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కానీ ఆ చట్టాలు ముఖ్యంగా స్మారకాల కోసం చేసినవి. జనం కాపురం ఉండే దేవుడీలు, బేరాలు సాగే మార్కెట్లు, పిల్లలు చదివే బడులు, రోగులు వచ్చే ఆసుపత్రులు వాటి చట్రంలో సులువుగా ఇమడవు. వాడుకలో ఉన్న ఇంటిని స్మారకంగా ప్రకటిస్తే గోడకు ఒక కిటికీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. అలాంటి కట్టడాల తలరాతను నిజానికి రాసేది మున్సిపాలిటీ. ఈ వీధి నివాస ప్రాంతమా, వ్యాపార ప్రాంతమా? ఎన్ని అంతస్తులకు అనుమతి? రోడ్డు ఎన్ని అడుగులు? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే పాత ఇల్లు ఉండేదీ, పోయేదీ తేలుతుంది. వీధిని వ్యాపార ప్రాంతంగా మార్చి అయిదంతస్తులకు అనుమతి ఇస్తే, ఒక్క అంతస్తు పెంకుటిల్లు కూల్చమని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ సంగతి గుర్తించి రెండు దారులనూ కలిపిన ఏడాది 1995. ఆ ఏడాది మొదట బొంబాయి తన అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు చోటిచ్చింది. అదే ఏడాది చివర్లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, మనమంతా ‘హుడా’ అని పిలిచినది, 1981 నాటి తన జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధనను చేర్చింది. జాబితాలోకెక్కిన కట్టడాన్ని కూల్చాలన్నా, రూపం మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. సలహా చెప్పడానికి వారసత్వ పరిరక్షణ కమిటీ ఉంటుంది. 1998 నాటికి 130కి పైగా కట్టడాలు జాబితాకెక్కాయి. మరో విశేషం ఏమిటంటే, మనుషులు కట్టినవాటితో పాటు దక్కన్ గుట్టల మీది పెద్ద బండలకు కూడా ఇదే నిబంధన కింద రక్షణ కల్పించారు.

ఇందులో యజమానుల బాధ కూడా ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పక్కింటివాడు స్థలం అమ్మి కోట్లు గడిస్తుంటే, తన ఇల్లు జాబితాలో ఉన్న పాపానికి కారుతున్న కప్పు కింద ఎందుకు కూర్చోవాలని యజమాని అడుగుతాడు. అలా విసిగి, మరమ్మతు మానేసి, కట్టడం తనంతట తానే కూలేదాకా వేచి చూసినవారూ ఉన్నారు. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ రైల్వే టెర్మినల్ మీద ఆకాశహర్మ్యం కడతామని యజమాని సంస్థ పట్టుబట్టినప్పుడు సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం వైపే తీర్పు చెప్పింది. అక్కడ వాడుకోలేని నిర్మాణ హక్కును దగ్గరలోని వేరే స్థలాలకు మార్చుకునే వీలు ఉందన్న సంగతిని కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది. మన దగ్గర టీడీఆర్ అనే మాట రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారందరికీ తెలుసు. పాత ఇల్లు కాపాడుకునేవారికి అదే సాధనం ఉపయోగపడుతుంది. బొంబాయి నిబంధనల్లో ఈ వెసులుబాటు ఉంది. నియమంతో పాటు పరిహారం కూడా ఉంటేనే ఊరు సహకరిస్తుంది.

ఇక హైదరాబాద్ కథలో పెద్ద మలుపు. 2015 డిసెంబరులో 13వ నిబంధనను ప్రభుత్వం తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్‌లో కొత్త శాసనసభ భవన సముదాయం కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. పంజాగుట్ట, ఖైరతాబాద్ మధ్య గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ మేడ చాలాకాలంగా ప్రభుత్వ ఇంజనీర్ల కార్యాలయంగా ఉండేది. పాత నిబంధనే పోయింది కనుక ఇక రక్షణ ఎక్కడిదన్నది ప్రభుత్వ వాదన. కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. హుడా స్థానంలో వచ్చిన హెచ్.ఎం.డి.ఏ. పరిధిలో 2010 నుంచి అమల్లో ఉన్న జోనింగ్ నిబంధనల్లో ఎర్రమంజిల్‌కు ప్రత్యేక రక్షణ ఉందనీ, దాన్ని పట్టించుకోకుండా, ఆ సంస్థ అనుమతి లేకుండా కూల్చివేతకు నిర్ణయించడం చెల్లదనీ ఆ తీర్పు సారాంశం.

చరిత్ర విద్యార్థిగా ఈ తీర్పులో నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. ఆ మేడను నిలబెట్టింది దాని అందం కాదు, నవాబుగారి పేరూ కాదు. భూ వినియోగ ప్రణాళికలో ఎప్పుడో ఎవరో శ్రద్ధగా చేర్చిన మాటలు నిలబెట్టాయి. అవి లేకపోతే పత్రికల్లో రాసిన వ్యాసాలు, ఊరేగింపులు ఏమాత్రం ఆపగలిగేవో చెప్పలేం. అంటే పరిరక్షణ అన్నది కూల్చే యంత్రం వచ్చాక మొదలుపెట్టే పోరాటం కాదు. ప్లాన్ గీస్తున్నప్పుడే చేయాల్సిన పని.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. భూ వినియోగ పటంలో మన బడి ప్రభుత్వ, అర్ధ ప్రభుత్వ వినియోగం కింద ఒక రంగులో ఉంటుంది. చూసి సంతోషిస్తాం. కానీ ఆ రంగు చెప్పేది ఇక్కడ బడి ఉండాలని మాత్రమే. పాత హాలు ఉండాలని కాదు. రేపు దాన్ని పడగొట్టి నాలుగంతస్తుల బ్లాకు కట్టినా పటంలో రంగు మారదు. మన హాలుకే కాదు, బజారులోని పాత గడియారానికి, చెరువు గట్టు మీది రాతి మెట్లకు, కోమటి వీధిలో మిగిలిన చెక్క స్తంభాల ఇళ్లకు కూడా పటంలో గుర్తు ఉండదు.

74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికనూ, భూ వినియోగ నియంత్రణనూ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీల పనుల్లో చేర్చింది. ప్లాన్ ముసాయిదాను ప్రకటించి ప్రజల సూచనలు, అభ్యంతరాలు తీసుకోవడం చట్టంలో ఉన్న పద్ధతే. మన సంఘంలో ఇంజనీర్లున్నారు, వకీళ్లున్నారు, కౌన్సిలర్లుగా పనిచేసినవారున్నారు, రియల్ ఎస్టేట్ వ్యాపారంలో ఉన్నవారూ ఉన్నారు. అందరూ కలిసి మూడు పనులు చేయగలం. ఊళ్లో పాత కట్టడాల జాబితా ఫొటోలతో, సర్వే నంబర్లతో తయారు చేయాలి. ఆ యజమానులతో కూర్చొని వారికి ఏం కావాలో రాసుకోవాలి. ఆ రెంటినీ జతచేసి, ముసాయిదా గడువులోగా సంఘం పేరున మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి.

జాబితా పని నేను మొదలుపెడతాను. ఆదివారాలు నాతో నడవగలిగినవారు, పాత ఫొటోలు, దస్తావేజులు ఉన్నవారు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వండి. ఉపాధ్యాయ మిత్రులు తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా పంపితే మరీ మంచిది. యాభై ఏళ్ల సంఘం ఊరికి ఇవ్వగలిగిన కానుక ఇంతకంటే ఏముంటుంది? అందరికీ స్వర్ణోత్సవ శుభాకాంక్షలు.