టెక్సస్ బార్బెక్యూ: గుంట తవ్విందెవరు?

టెక్సస్ బార్బెక్యూ ఎలా పుట్టిందంటే చాలామంది ఒకే కథ చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు, చెక్‌లు మధ్య టెక్సస్‌కు వలస వచ్చి మాంసం కొట్లు పెట్టుకున్నారు. అమ్ముడుపోని ముక్కలు పాడైపోకుండా పొగబెట్టారు. పత్తి తీయడానికి వచ్చిన కూలీలు వాటిని కొని, కాగితం మీదే పరుచుకుని తిన్నారు. 1880లనాటి ఎల్గిన్ సౌత్‌సైడ్ మార్కెట్‌ను, లాక్‌హార్ట్‌లో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్‌ను ఇందుకు సాక్ష్యంగా చూపిస్తారు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది కొట్ల చరిత్రే తప్ప వంట చరిత్ర కాదు.

అంతకు ముందరి సంగతులు తెలిసినవే. కరీబియన్ దీవుల్లో కర్రల మంచె మీద మాంసం కాల్చడాన్ని పదహారో శతాబ్దపు స్పానిష్ రచయితలు నమోదు చేశారు. వర్జీనియాలో అది ఊరి విందు అయింది. 1769లో అలెగ్జాండ్రియాలో అలాంటి విందుకు వెళ్లినట్టు జార్జ్ వాషింగ్టన్ డైరీలో రాసుకున్నాడు. కరోలినాలలో పంది, వెనిగర్ స్థిరపడితే, పశ్చిమాన గొడ్డుమాంసం ముఖ్యమైంది.

ఆ విందులకు వండిందెవరన్న దగ్గర మాత్రం పుస్తకాలు తొందరగా ముందుకు సాగిపోతాయి. పొడవాటి గుంట తవ్వాలి. గట్టి కట్టెలు కాల్చి, ఆ బొగ్గులు గుంటలోకి ఎత్తిపోయాలి. మీద అడ్డకర్రలు పరిచి, వాటిపై పశువును మొత్తంగా పెట్టి, తెల్లవార్లూ తిప్పుతూ పులుసు పూస్తూ ఉండాలి. దక్షిణాది తోటల్లో ఈ పని ఎక్కువగా బానిసలదే. 1930లలో ప్రభుత్వ పథకమైన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు సేకరించిన మాజీ బానిసల జ్ఞాపకాల్లో దక్షిణ కరోలినాకు చెందిన వెస్లీ జోన్స్ మాటలున్నాయి. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. విందు ముందురోజు రాత్రంతా మేలుకుని మాంసం కాల్చేవాడినని, వెనిగర్, మిరియాలు, మిరప, ఉప్పు, వెన్న కలిపి పూసేవాడినని ఆయన చెప్పాడు. ఇవాళ కరోలినాల ప్రాంతీయ శైలిగా పేరుపడిన వెనిగర్, మిరప రుచి ఇందులో స్పష్టంగా ఉంది.

టెక్సస్‌కు వస్తే, 1860 జనగణన ప్రకారం అక్కడ 1,82,566 మంది బానిసలుండేవారు. అంటే జనాభాలో సుమారు 30 శాతం. జర్మనీలో పుట్టినవాళ్లు దాదాపు ఇరవై వేలు. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో విముక్తి ప్రకటన వెలువడింది. తర్వాత ఏటేటా ఆ రోజున జరిగిన జూన్‌టీన్త్ సంబరాల్లో బార్బెక్యూ విడదీయరాని భాగమైంది. ఆ సంబరాల కోసమే 1872లో హ్యూస్టన్ నల్లజాతివాళ్లు చందాలు పోగుచేసి పదెకరాలు కొన్నారు. అదే నేటి ఎమాన్సిపేషన్ పార్క్.

దీన్నిబట్టి ప్రతి జర్మన్ కసాయీ నల్లవారి దగ్గరే నేర్చుకున్నాడని నేను అనను. సాసేజీ జర్మన్లు తెచ్చుకున్నదే. కాగితంలో కట్టి ఇవ్వడం, సాస్ లేకుండా వడ్డించడం మాంసం కొట్టు అలవాట్లే. దక్షిణాన మెక్సికన్లు పశువు తలను భూమిలో పాతి వండే బార్బకోవా కూడా పెద్ద పాయే. అయితే గదిలో వేలాడదీసి సాసేజీకి పొగబెట్టడం వేరు, ఇంత పెద్ద తొడను బొగ్గుల సెగ మీద రాత్రంతా మగ్గించడం వేరు. రెండో విద్య నల్లవారు తవ్విన గుంటల పక్కనే పెరిగిందని నా అభిప్రాయం.

టెక్సస్ గుర్తుగా చూపించే బ్రిస్కెట్, అంటే రొమ్ము మాంసం, సంగతి కూడా చూడాలి. మొదట్లో కొట్లకు పెద్ద పెద్ద ఖండాలు వచ్చేవి, ఏ భాగం మిగిలితే అది కాల్చేవారు. 1960లలో మాంసాన్ని భాగాలుగా కోసి పెట్టెల్లో పంపడం మొదలయ్యాకే రొమ్ము ఒక్కటే విడిగా, చవగ్గా దొరికింది. తాతలనాటి సంప్రదాయం అనుకుంటున్నదానికి రూపమిచ్చింది చాలావరకు ఆ పెట్టెలే.

కాన్సస్ సిటీ కథతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. టెనెసీ నుంచి వచ్చిన హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటవాడు 1908లో అక్కడ పొగబెట్టిన మాంసాన్ని వార్తాపత్రికలో చుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. 1940లో ఆయన పోయాక దుకాణం ఆయన దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్‌కు, తర్వాత చార్లీ తమ్ముడు ఆర్థర్‌కు దక్కింది. 1972లో రచయిత కాల్విన్ ట్రిలిన్ తన సొంతూరి ఆ హోటలే ప్రపంచంలో అన్నిటికన్నా గొప్పదని రాసేసరికి దాని పేరు దేశమంతా పాకింది. పెర్రీకి దుకాణం ఉంది కనుక చరిత్రలో నిలిచాడు. టెక్సస్ గుంటల దగ్గర నిలబడినవాళ్లకు బోర్డు లేదు. ఇష్టమైన హోటళ్ల జ్ఞాపకాలనే చరిత్రగా అల్లితే ఇదే లోటు. పైగా ఆ జ్ఞాపకాలు అందరివీ కావు: దక్షిణ కరోలినాలో పిగ్గీ పార్క్ బార్బెక్యూ హోటళ్లు నల్లవారికి అందరితో సమానంగా వడ్డించబోమంటే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1968లో తీర్పు వచ్చింది.

ఇప్పుడు టెక్సస్ బార్బెక్యూకు కీర్తి కొదవలేదు. 2009లో ఆస్టిన్‌లో ట్రైలర్ బండితో మొదలుపెట్టిన ఆరన్ ఫ్రాంక్లిన్‌కు 2015లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. 2024లో మిషెలిన్ గైడ్ నాలుగు బార్బెక్యూ హోటళ్లకు నక్షత్రాలిచ్చింది. వాళ్ల పనితనాన్ని తక్కువ చేయను. కానీ బ్రిస్కెట్ ముక్క ఎంత మెత్తగా వంగిందన్నదే కొలబద్ద అయితే, మాంసం సన్నగా తరిగి సాస్ కలిపే తూర్పు టెక్సస్ నల్లవారి పద్ధతి ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఇది రుచికి సంబంధించిన తీర్పు కాదు, కొలతలోని పక్షపాతం.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఒక విన్నపం. జూన్ 19న దగ్గరలోని పార్కులో జరిగే విందుకు వెళ్లండి. గొడ్డుమాంసం ముట్టనివాళ్లకు అక్కడ కోడీ టర్కీ దొరుకుతాయి. పొయ్యి చూసుకుంటున్న పెద్దవాళ్లు ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి, వాళ్లు చెప్పిన పేర్లు రాసిపెట్టండి.