ఎనిమిది పలకల బరిలో కూలి లెక్క

1993 నవంబరు 12 రాత్రి అమెరికాలోని డెన్వర్‌లో, ఎనిమిది పలకల ఇనుప కంచె బరిలో అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్ (యూఎఫ్‌సీ) మొదలైంది. అప్పటికి బరువు తరగతులు లేవు, పాయింట్లు వేసే జడ్జీలు లేరు. తొలి పోటీలోనే నెదర్లాండ్స్‌కు చెందిన గెరార్డ్ గోర్డో తన్నిన తన్నుకు ప్రత్యర్థి టీలా టూలీ పన్ను ఊడింది. దాని ముక్కలు గోర్డో పాదంలో దిగబడ్డాయి, అతని చెయ్యి కూడా విరిగింది. ఆ పాదంతో, ఆ చేత్తోనే గోర్డో అదే రాత్రి మరో రెండుసార్లు తలపడ్డాడు. చివరి పోటీలో అతన్ని ఓడించిన బ్రెజిల్ యోధుడు రాయిస్ గ్రేసీకి దక్కిన బహుమతి 50,000 డాలర్లు.

‘లైగర్’ సినిమాతో మన ప్రేక్షకుల్లో చాలామందికి పరిచయమైన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ)కు అమెరికాలో పునాది పడింది అక్కడే. ఇప్పుడు అదే సంస్థ ప్రసార హక్కుల కోసం పారమౌంట్ 2025లో కుదుర్చుకున్న ఒప్పందం విలువ ఏడేళ్లకు 770 కోట్ల డాలర్లు. ఇంత సొమ్ములో దెబ్బలు తిన్నవాడికి ముట్టేదెంత?

మొదట్లో పంచుకోవడానికి పెద్దగా సొమ్ము లేదన్న మాట నిజమే. 1996లో సెనెటర్ జాన్ మెకెయిన్ ఈ క్రీడను మనుషుల కోడిపందెం అని తిట్టిపోసి, నిషేధించమని రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. కేబుల్ సంస్థలు ఒక్కొక్కటిగా ప్రసారాలు ఆపేశాయి. కొనే నాథుడు లేని రోజుల్లో, 2001లో, లాస్ వెగాస్ కసినోల యజమానులు ఫెర్టిటా సోదరులు 20 లక్షల డాలర్లకు యూఎఫ్‌సీని కొన్నారు. నిర్వహణ డానా వైట్ చేతికిచ్చారు. 2005లో ‘ది అల్టిమేట్ ఫైటర్’ టీవీ షో దశ తిప్పేదాకా మూడు కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్నారు. ఆ తెగింపుకు లాభం దక్కాలి, కాదనను.

నా అభ్యంతరం ఆ తరువాత జరిగినదాని మీద. సొమ్ము వచ్చాక సంస్థ తన పోటీ సంస్థలను వరసగా కొనేసింది. 2006లో డబ్ల్యూఈసీ, 2007లో జపాన్‌కు చెందిన ప్రైడ్, 2011లో స్ట్రైక్‌ఫోర్స్. ఊరి చుట్టుపక్కల మిల్లులన్నీ ఒకే షావుకారు చేతికొస్తే ధాన్యం ధర ఎవరు నిర్ణయిస్తారో రైతుకు తెలుసు. పైగా కాంట్రాక్టు బిగింపు ఒకటి. సంతకం చేసినవాడు మరెక్కడా పోటీ చేయకూడదు. గాయంతో కూర్చున్నా, ఇచ్చిన పోటీ వద్దన్నా గడువు ముందుకు జరుగుతుంది. చాంపియన్ అయితే కాంట్రాక్టు దానంతటదే పొడిగింపవుతుంది. ఇన్ని కట్లున్నా యోధుడు ఉద్యోగి కాడు, కాగితం మీద స్వతంత్ర కాంట్రాక్టరు. 2008లో వీడియో గేమ్‌లో తన రూపం వాడుకునే హక్కు శాశ్వతంగా రాసివ్వనన్న జాన్ ఫిచ్‌ను బయటికి పంపేశారు. రాజీ కుదిరాక మళ్లీ తీసుకున్నారు.

కూలి ఎలా కడతారో చూడండి. చాలా ఏళ్లు కొత్తవాడి లెక్క ‘పది, పది’. బరిలోకి దిగితే పది వేల డాలర్లు, గెలిస్తే మరో పది. ఏడాదికి రెండు మూడు పోటీలు దొరకడమే ఎక్కువ. అందులోంచే శిక్షకులకు, మేనేజరుకు, జిమ్‌కు ఇవ్వాలి, పన్ను కట్టాలి. జడ్జీల్లో ఇద్దరు అవతలివాడి వైపు మొగ్గితే ఆదాయం సగానికి సగం పోతుంది. నెలల తరబడి చేసిన సాధన మాత్రం గెలిచినవాడికీ ఓడినవాడికీ ఒకటే.

లోటు పూడ్చుకునే దారి ఒకటుండేది. బరిలో పేరు పిలిచేటప్పుడు యోధుడి వెనక ప్రకటనల బ్యానరు పట్టుకునేవారు, నిక్కరు మీద కంపెనీల పేర్లుండేవి. 2015లో రీబాక్ దుస్తులు తప్పనిసరి చేశాక ఆ దారి మూసుకుపోయింది. బదులుగా అయిదు పోటీల దాకా చేసినవారికి ఒక్కో పోటీకి 2,500 డాలర్లు, చాంపియన్‌కు 40,000 ఇస్తామన్నారు. అంతకుముందు దానికి ఎన్నో రెట్లు సంపాదించామని పలువురు బాహాటంగానే చెప్పారు.

తారలకు ఈ బాధ లేదు. 2016 ఆగస్టు పోటీకి కానర్ మెక్‌గ్రెగర్ ప్రకటిత పారితోషికమే 30 లక్షల డాలర్లు. కానీ మొత్తం ఆదాయంలో యోధులందరికీ కలిపి వెళ్లేది అయిదో వంతుకు అటూ ఇటూ అని కోర్టు పత్రాలు చెప్పాయి. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్ల వాటా దాదాపు సగం. అక్కడ వాళ్లకు యూనియన్ ఉంది. బాక్సర్లకు యూనియన్ లేకపోయినా, పోటీ మీద ఎంత రాబడి వచ్చిందో ప్రమోటరు వెల్లడించాలని చెప్పే ముహమ్మద్ అలీ చట్టం 2000 నుంచి ఉంది. దాన్ని ఎంఎంఏకూ వర్తింపజేయాలని 2016లో ఒకప్పటి యోధుడు, కాంగ్రెస్ సభ్యుడు మార్క్‌వేన్ మలిన్ తెచ్చిన బిల్లు గట్టెక్కలేదు. అదే ఏడాది యూఎఫ్‌సీని సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్మేశారు.

చివరికి తేల్చుకునే చోటు కోర్టే అయింది. 2014 డిసెంబరులో యోధులు కుంగ్ లీ, నేట్ క్వారీ, ఫిచ్ యూఎఫ్‌సీ గుత్తాధిపత్యంపై దావా వేశారు. పదేళ్లు నడిచింది. 33.5 కోట్ల డాలర్ల రాజీని న్యాయమూర్తి రిచర్డ్ బోల్‌వేర్ 2024 జులైలో తోసిపుచ్చారు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నా అది చాలదని ఒక న్యాయమూర్తి అడ్డం పడడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే ఘట్టం. రాజీ 37.5 కోట్లకు పెరిగాక 2025 ఫిబ్రవరిలో తుది ఆమోదం వచ్చింది. 2010 డిసెంబరు నుంచి 2017 జూన్ దాకా బరిలోకి దిగిన వెయ్యిమందికి పైగా యోధులకు అది వర్తిస్తుంది. 2017 జులై తరువాత తలపడినవారి తరఫున 2021లో మరో దావా పడింది. దానికి ఈ రాజీ వర్తించదు.