యుద్ధమును కొలిచెడు కొలబద్దలు

యుద్ధము సాగుచున్నంత కాలము ప్రజలడుగు ప్రశ్న యొక్కటే: గెలుపు ఎవరిది? ప్రభుత్వములు దానికి తరచుగా అంకెలతో సమాధానము చెప్పుచుండును. ఆ అంకెలెట్లు పుట్టునో, తుదకు ఎవరిని మోసగించునో, గత శతాబ్దపు రెండు ఘట్టములను బట్టి పరిశీలింతము.

1940 సెప్టెంబరు 15వ తేదీన జర్మను విమానములు లండను నగరముపై గొప్ప దాడి జరిపెను. ఆనాడు 185 శత్రువిమానములను కూల్చితిమని బ్రిటిష్ ప్రభుత్వము ప్రకటింపగా, రేడియో ఆ వార్తను ఇంటింటికిని చేర్చెను. యుద్ధానంతరము జర్మనుల దస్తావేజులను చూడగా కూలినవి సుమారు 60 మాత్రమే యని తేలెను. ఒకే విమానమును ఇద్దరు ముగ్గురు వైమానికులు కాల్చినపుడు, ప్రతివాడును దానిని తన లెక్కలో వేసికొనుటయే ఇందుకు ముఖ్యకారణము. అయినను ఆ పొరపాటు బ్రిటనును ముంచలేదు. ఏలయన జయాపజయములకు వేరొక గురుతు కన్నులయెదుటనే యుండెను: జర్మను సేన ఇంగ్లీషు చానలును దాటగలదా, లేదా? రెండు దినముల పిమ్మట హిట్లరు ఆ దండయాత్రను వాయిదా వేసెను.

వియత్నాం యుద్ధమున అట్టి గురుతు లేకపోయెను. 1965లో అమెరికా పోరాటదళములు అచట దిగినపుడు వారికెదురైనది రణరేఖ లేని యుద్ధము. నేడు పట్టుకొన్న పల్లెను రేపు విడిచి పోవలసి యుండెను. పటముపై గీత గీసి ముందడుగును చూపుట అసాధ్యము. రక్షణమంత్రి రాబర్ట్ మక్నమారా లోగడ ఫోర్డు మోటారు కంపెనీకి అధ్యక్షుడు. గణాంకములయందు గట్టి నమ్మకము కలవాడు. సేనాపతి వెస్ట్‌మోర్‌లాండ్ వ్యూహము శత్రువును అరగదీయుట. శత్రువు కొత్తగా చేర్చుకొను సైనికులకంటె మడియువారి సంఖ్య మించిననాడు విజయము చేతికి వచ్చునని ఆయన తలపు. ఈ విధముగా శత్రుశవముల సంఖ్యయే ప్రధానమైన కొలబద్ద యయ్యెను.

ఏ సంఖ్యను బట్టి అధికారికి మెప్పు లభించునో, ఆ సంఖ్య పెరుగక మానదు. చనిపోయిన పల్లెవాసులును శత్రుసైనికుల పద్దులో చేరిన సందర్భములు కలవు. యుద్ధానంతరము డగ్లస్ కినార్డ్ అను విశ్రాంత సేనాని, వియత్నాములో పనిచేసిన జనరళ్లను ప్రశ్నింపగా, వారిలో నూటికి 61 మంది ఆ లెక్కలు తరచుగా పెంచబడినవని చెప్పిరి.

1967లో వేరొక పద్ధతి వచ్చెను. వేలకొలది పల్లెలకు ఎంత భద్రత కలదో నెలనెలా అంచనా వేసి, ఏ మొదలు ఇ వరకు తరగతులిచ్చి, ఫలితములను కంప్యూటరులో కెక్కించిరి. ఆ సంవత్సరమే శత్రుబలము ఎంత యను వివాదమును చెలరేగెను. సైన్యము చూపు సంఖ్యకు నిజబలము దాదాపు రెట్టింపు ఉండునని సి.ఐ.ఏ. విశ్లేషకుడు శామ్ ఆడమ్స్ వాదించెను. సైన్యము మూడు లక్షలు దాటుటకు సమ్మతింపలేదు. తుదకు గ్రామరక్షక దళములను పట్టికనుండియే తొలగించిరి. శత్రువు తగ్గలేదు, పట్టిక మాత్రము తగ్గెను.

నవంబరులో వెస్ట్‌మోర్‌లాండ్ వాషింగ్టనుకు వచ్చి, యుద్ధాంతము కనుచూపు మేరలోనికి వచ్చుచున్నదని ప్రకటించెను. రెండు మాసములు తిరిగిన వెంటనే, 1968 జనవరి చివర, టెట్ పండుగనాళ్లలో నూరుకు పైబడిన పట్టణములపై ఒక్కుమ్మడిగా దాడులు జరిగెను. సైగాను నగరములోని అమెరికా రాయబార కార్యాలయపు ఆవరణలోనికే శత్రువులు చొరబడిరి. ఆ దాడులలో వారికే అపారనష్టము కలిగెను. కాని అమెరికా ప్రజలకు ప్రభుత్వపు మాటయందున్న నమ్మకము సడలెను. మార్చి 31న అధ్యక్షుడు జాన్సను తాను మరల పోటీ చేయనని ప్రకటించెను.

అమెరికా పోగొట్టుకొనిన 58,000 మందికి పైగా సైనికుల పేర్లు నేడు వాషింగ్టనులోని నల్లరాతి గోడపై ఒక్కొక్కటిగా చెక్కబడి యున్నవి. మరణించిన వియత్నాం పౌరుల సంఖ్య విషయమున మాత్రము చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. తనవారిని పేరుతో లెక్కించుట, పరులను మొత్తముతో లెక్కించుట యుద్ధనీతి కాబోలు.

యుద్ధవార్తలలోని అంకెలను చదివి వినిపించుట మా వృత్తి. ఎవరు లెక్కించిరి, ఎవరిని వదలిరి, లెక్క పెరిగిన ఎవరికి లాభము – ఈ మూడు ప్రశ్నలు మాత్రము శ్రోతలు తమవద్ద నుంచుకొనవలసినవి.